గొలుసుకు కట్టిన బల్బు

లక్ష్మీ నగర్, ఢిల్లీ

అక్కా,

ముందు ఇది చదువుకో: ఫేబీ బాగుంది, ఇల్లు బాగుంది, కోడిపిల్లలూ బాగున్నాయి. ఫోన్లో నీకు "పొగ" అన్న మాటొక్కటే వినబడి కంగారు పడ్డావని బావగారు చెప్పారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

సంతలో రంగులేసిన కోడిపిల్లల్ని చూసి ఫేబీ ఏడిస్తే కొన్నాం. ఇక్కడి చలికి వణుకుతున్నాయని అట్టపెట్టెలో రంపంపొట్టు పోసి, పైన బల్బు దారంతో వేలాడగట్టాను. నేను ఆసుపత్రి డ్యూటీలో ఉండగా దారం తెగి బల్బు పొట్టులో పడింది. పొగ రాగానే ఫేబీ స్విచ్ ఆపేసి, కోడిపిల్లల్ని స్వెట్టర్లో మూటగట్టుకుని కిందికి పరిగెత్తింది. కింద ఉండే ఇంటి ఓనరావిడే వచ్చి నీళ్ళు పోసింది.

"వాటిని వదిలేసి రావాల్సింది కదే!" అని అరిచాను.

"వాటికి మెట్లు దిగడం రాదు కదా, మమ్మీ," అంది. దాన్ని పట్టుకుని ఏడ్చేశాను.

ఇప్పుడు నువ్వు ముందు ఉత్తరంలో చెప్పినట్టే రేకు తొట్టి పెట్టాం. బల్బుకి ఇనుప గొలుసు కట్టి, చుట్టూ ఇనుప తీగల జాలీ బిగించాం. కోడిపిల్లలు బల్బు కింద గుంపు కట్టడం లేదు, దూరంగా పారిపోవడం లేదు. వేడి సరిగ్గా సరిపోయి, తొట్టంతా పరుచుకుని నిద్రపోతున్నాయి. ఆ రోజు వాటిని తీసేయమన్న ఓనరావిడ కూడా గొలుసు లాగి చూసి, "ఠీక్ హై, ఈ చలిలో ఎక్కడికి పంపుతారు?" అంది.

అవి పెద్దయ్యాక ఏం చెయ్యాలో మాత్రం ఇప్పుడే రాయకు. నీ ఉత్తరాలు ఫేబీ నాచేత చదివించుకుంటోంది.

నీ చెల్లి