పదో వచనం

లుంగ్‌తాన్ ఊరు, చిన్ కొండలు, బర్మా
10 మార్చి 1994, గురువారం

సరిహద్దు తియావ్ ఏటి అవతల చెల్లెలి ఇంట తలదాచుకున్న మా పాస్టరు సాంగ్ కియో గారికి,

ఎదుట నిలబడే మొహం లేక కాగితం మీదే తల వంచుకుని బియాక్ ఉక్ చేస్తున్న వందనాలు. మీ పక్కటెముకల నొప్పి కాస్త తగ్గిందనీ, దగ్గితే ఇప్పుడు రక్తం పడటం లేదనీ ఉత్తరాలు మోసే కంచరగాడిదలాయన చెప్పాడు. దేవుడికి స్తోత్రం. ఇక్కడ మీ ఇంట అమ్మగారు కులాసా. మొన్నటి గాలికి గుడి పైకప్పు రేకులు రెండు లేచిపోతే మేమే ఎక్కి బిగించాం. ఊరి జాబితాలో పేర్లు లేక లోయలో దాక్కున్న ఐదు కుటుంబాలూ బతికే ఉన్నాయి. వాళ్ళకి గుడి బియ్యం ఇప్పుడు ఇంకో దారిన వెళ్తోంది. ఏ దారో రాయను.

ఈ ఉత్తరం నా అంతట నేను రాస్తున్నది కాదు. పెద్దలు రాయమన్నారు. ఊరికి మీ నుంచి ఒక్క మాట కావాలి. మీ మీద పితూరీ చేసిందెవరు?

వాన్ హ్మూంగ్ అనే అందరూ అంటున్నారు. ఊరి అధ్యక్షుడి దగ్గర రాతకోతలు చూసేది అతనే కదా, ఇంకెవరు చేస్తారు అని. శనివారం మన ఆడవాళ్ళు వీపు బుట్టలు వేసుకుని ఇంటింటికీ తిరుగుతారు కదా. ఎసట్లో పోసేముందు దేవుడి పేర తీసిన పిడికెళ్ళ బియ్యం అన్ని గడపల్లోనూ పోయించుకుంటున్నారు, ఆ ఒక్క గడప తప్ప. అతని భార్య తియాల్ పార్ డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడుతుంది. బుట్ట ఆగదు. పోయిన వారం ఆమె వెనకే పరుగెత్తి, “దార్ కిమ్ అవ్వా, నా పిడికెడు కూడా తీసుకెళ్ళవే, నేనేం చేశానే!” అని ఏడ్చింది. అవ్వ తిరిగి కూడా చూడకుండా, “మీ ఇంటి బియ్యం ఆ సిపాయిల కెప్టెనుకు వండి పెట్టు తల్లీ, వాడికి బాగా అరుగుతుంది” అంది. నవ్వినవాళ్ళు నవ్వారు. నేనక్కడే గొడ్డలి నూరుకుంటున్నాను. నూరుతూనే ఉన్నాను.

వచ్చే ఆదివారం సంఘం పట్టీలోంచి వాళ్ళ ఇంటిల్లిపాది పేర్లూ కొట్టేస్తారట. మీ మాట వస్తే సరి, రాకపోయినా కొట్టేస్తారు.

నా సంగతి కూడా రాయాలి. చాప కింద దాచుకుని చదివిన కరపత్రాలు నా తలకెక్కాయి. దేవుడి ధర్మానికి ఎదురు నిలిచే చట్టం చట్టమే కాదని వాటిలో ఉంది. అది ఇప్పటికీ నిజమే అంటాను. ఊరి జాబితాలో పేరు లేనివాడికి గుప్పెడు గింజలు పెట్టినా జైలన్న ఆ హుకుం పైనుంచి వచ్చిందో, సరాసరి నరకం నుంచే వచ్చిందో! కానీ మీరు ఆదివారం తర్వాత ఆదివారం పౌలు గారి ఆ అధ్యాయమే తీసేవారు, పై అధికారులకు లోబడమన్న అధ్యాయం. ముందు బల్ల మీద అధ్యక్షుడు తల ఊపుతూ కూర్చునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. డిసెంబరులో ఇక పట్టలేక లేచాను. “దేవుడి మాట పెద్దదా, కెప్టెను మాట పెద్దదా? ఒక్క మాటలో చెప్పండి!” అని గుడంతా వినబడేలా అరిచాను. “కూర్చోరా, నీ అరుపుకి దేవుడి చెవులకి కూడా చిల్లులు పడతాయి” అంది దార్ కిమ్ అవ్వ. మీరు మాత్రం నవ్వి, “అబ్బాయ్, అధ్యాయం ఇంకా అయిపోలేదు. కూర్చుంటే మిగతాది చదువుతాను” అన్నారు. నేను మిమ్మల్ని పిరికిపంద అని, తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాను.

మీరు తప్పించుకుని ఏరు దాటాక ఆ అధ్యాయం కూర్చుని చదివాను. మీరు ఎప్పుడూ పదో వచనం దాకా చదివేవారట, అమ్మగారు చెప్పారు. ప్రేమ పొరుగువాడికి కీడు చెయ్యదు, అదే ధర్మశాస్త్రమంతా అని అక్కడ ఉంది. నేను మొదటి వచనం దగ్గరే ఉడికిపోయి, తర్వాతిది ఒక్కసారీ వినలేదు. అధ్యక్షుడూ విని ఉండడు. ఇద్దరం ఒకే చోట చెవులు మూసుకున్నాం.

జనవరిలో సిపాయిలు వచ్చిన పొద్దు కూడా మీకు గుర్తుచేయాల్సి వస్తోంది. అందర్నీ గుడి ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. కెప్టెను చేతిలో ఒక కాగితం. గుడి బియ్యం ఎవరు తరలిస్తున్నారని అడిగాడు. దార్ కిమ్ అవ్వ వణకడం మొదలుపెట్టింది. మీరు కాగితం వైపు చూశారు, లేచారు, “నేనొక్కణ్ణే, ఇంకెవరికీ తెలియదు” అన్నారు. అంతా అబద్ధం! బుట్టలు మోసింది పన్నెండు మంది ఆడవాళ్ళు. అబద్ధమాడకూడదని మాకు చిన్నప్పుడు నేర్పిన మనిషి, అంతమంది ముందు, గుడి ముందు, అబద్ధమాడి తన్నులు తిన్నారు. దేవుడి ధర్మం కోసం ప్రాణమిస్తానని అరిచిన నేను మా అమ్మ వెనక మోకాళ్ళ మీద ఉన్నాను.

పితూరీ చేసిందెవరో తెలిస్తే రాయండి. పెద్దలు ఎదురు చూస్తున్నారు.

మీ దీవెన అడిగే హక్కు పోగొట్టుకున్న
బియాక్ ఉక్

తా.క. పైన రాసినదంతా పెద్దల కోసం. ఇది మీ కోసం. కాదు, ఇదీ వాళ్ళ కోసమే.

వాన్ హ్మూంగ్ ఏ పాపం ఎరగడు. ఆ కాగితం నాది. క్రిస్మస్ ముందు ఒక తెల్లవారుజామున, గుడి బియ్యం మూట ఏటి దారిలో కంచరగాడిద మీద పోవడం చూశాను. మీరు దేవుడి బియ్యం సరిహద్దు దాటించి అమ్ముకుంటున్నారనుకున్నాను. పెద్దల్ని అడిగితే “చిన్నాడివి, నీకెందుకు” అన్నారు. వాళ్ళు దాచింది మిమ్మల్ని కాదు, ఆ ఐదు కుటుంబాల్ని అని నా మట్టిబుర్రకు తట్టలేదు. పేరు లేకుండా రెండు వాక్యాలు రాసి అధ్యక్షుడి కచేరీ తలుపు కిందికి తోశాను. మనుషుల చట్టాన్ని కాల్చేయాలన్నవాణ్ణి, నా కోపం తీర్చుకోవడానికి దాని గడపకే వెళ్ళాను.

నాకు అక్షరాలు దిద్దించింది మీరే. కెప్టెను చేతిలో కాగితం చూసి మీరు ఒక్క క్షణం నా వైపు తిరిగారు. అప్పుడే మీకు తెలిసిపోయింది. ఈ రెండు నెలలూ ఎవరికీ చెప్పలేదు. మీరు చెప్పరని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఆదివారం దాకా నోరు మూసుకుందామనుకున్నాను.

ఈ ఉత్తరం అంటించడం లేదు. ఇప్పుడే పెద్దల చేతికి విప్పి ఇస్తాను, గుడిలో పైకి చదవమంటాను. వాళ్ళు చదివాకే కంచరగాడిదలాయన సంచిలో పడుతుంది. ఇది మీకు అందిందంటే, ఊరందరికీ తెలిసిపోయినట్టే.