డొల్లగా పలికిన చోట

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్ను ముంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఫైబర్ బోటుకు చిన్నాన్న పైపైన అతుకేయించి, నీలం రంగు కొట్టించాడు. చీలిక ఉన్నచోట నీ పేరు రాయించాడు. రేపు తమ్ముడు దాని మీదే వేటకు వెళ్తాడు.

ఇలాంటి బోట్ల గురించి మా కాలేజీలో చెప్పారు. గాజునార బట్టను పొరలుగా పరిచి రెసిన్‌తో అంటిస్తారు. పొరను పొర పట్టుకున్నంత కాలమే దానికి బలం. లోపల విడిపోతే కంటికి కనిపించదు, తడితే వినిపిస్తుంది. అందుకే రూపాయి బిళ్లతో బోటంతా తట్టాను. అంతటా టంగుమంది. నీ పేరు మీద మాత్రం డొల్లగా పలికింది.

"లోపల పొరలు విడిపోయాయి చిన్నాన్నా. అక్కడ కోసి మళ్లీ వేయించాలి" అన్నాను.

"ఒసే, కుండ కొనడానికొచ్చినావేటి, తడతన్నావు?" అని నవ్వాడు.

అమ్మ నన్నే కసిరింది. "బోటు సముద్రంలోకి దిగేముందు అవేటి మాటలు?"

సాయంత్రం గంగమ్మ పూజకు చిన్నాన్న కొబ్బరికాయలు తెచ్చాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని తట్టి విన్నాడు. డొల్లగా పలికిన రెండింటిని ఇసుకలోకి విసిరేశాడు.

"సూడరా, కాయ కుళ్లితే గంగమ్మ ఊరుకోదు" అని తమ్ముడికి చెప్పాడు.

నీ పేరుకు ఆనుకుని నిలబడి, తమ్ముడు బుద్ధిగా తలూపాడు.