పది నిమిషాల క్యాసెట్

తాండూరు,
ఆదివారం.

రాఘవేంద్ర సార్‌కు,

మూడు ఆదివారాలుగా మీరు వికారాబాద్ నుంచి రావడం లేదు. ఫోన్ చేస్తే పని ఉందంటున్నారు. తప్పు నాదేనేమో.

నలభై ఏళ్ల కిందటి మన కంప్యూటర్‌లో చెస్ ఆట టేప్‌రికార్డర్ క్యాసెట్ నుంచి లోడ్ కావడానికి పది నిమిషాలు పట్టేది. మీకు ఆ విసుగు తప్పిద్దామని, ఇంటర్నెట్‌లో ఎవరో అందరికీ ఉచితంగా పెట్టిన డిజైన్ చూసి, దానికి మెమరీ కార్డు బోర్డు తయారుచేశాను. రెండు నెలలు సోల్డరింగ్ చేసి కళ్ళు గుంజుతున్నాయి. ఆట రెండు సెకన్లలో వచ్చేసింది. ఆ రోజు మీరు ఒక ఆట ఆడి, నాలుగు గంటల బండికే వెళ్ళిపోయారు.

"సార్ చాయ్ గూడ తాగకుండ పోయిండేంది?" అంది మా ఆవిడ జుబేదా.

అప్పుడు తెలిసింది. క్యాసెట్ తిరిగే ఆ పది నిమిషాల్లోనే మీరు చాయ్ తాగుతూ, పోయిన మీ ఇంటావిడ సత్యమ్మగారి ముచ్చట్లు చెప్పేవారు. ఇంకెక్కడా ఆమె పేరెత్తలేనని మీరే అన్నారు.

ఇవాళ బోర్డు తీసేశాను. క్యాసెట్ బాగా అరిగిపోయింది సార్, మధ్యలో రెండుసార్లు ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి పెట్టాల్సి వచ్చింది. వచ్చే ఆదివారం అరగంటైనా పడుతుంది. రండి.

మీ టీవీ రిపేరు దోస్తు