ఎలా తెలుసో రాయకండి

హొనొలులు

సియావీ మామయ్యకు,

నాకిక్కడ పోలీసు ఉద్యోగం వచ్చేలా ఉంది, కాకపోతే పౌరసత్వం కావాలట. అమెరికన్ సమోవాలో పుట్టిన మనం అమెరికావాళ్లమే గాని పౌరులం కామట.

“మరి మా తాత యుద్ధానికి ఎవరి తరఫున వెళ్లాడండీ?” అన్నాను.

ఆఫీసులో ఆవిడ నవ్వి, “నీ దీవిలో ఉన్న ఏళ్లు కూడా అమెరికాలో ఉన్నట్టే లెక్కకొస్తాయిలే నాయనా. అక్కడే ఉండేవాడివనీ, బుద్ధిమంతుడివనీ ఊరిపెద్ద చేత రాయించుకురా” అంది.

ఆ ఊరిపెద్ద మీరే కదా. నేను ఊళ్లోనే ఉండేవాణ్ణని మీకంటే ఎవరికి తెలుసు? సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదాక కూడా వీధిలో తిరుగుతున్నానని ఏటా నాకు తప్పు వేసి, మా అమ్మ పెంచిన పందితో ఊరందరికీ విందు పెట్టించింది మీరే.

ఉండేవాణ్ణని గట్టిగా రాయండి. ఎలా తెలుసో మాత్రం రాయకండి.

మీ బుద్ధిమంతుడైన మేనల్లుడు