అమ్మ చెలక

ఆగస్టు 4
మేడ్చల్‌లో వకీలును కలిశాను. అత్వెల్లి చెలక, అమ్మ ఇచ్చిన ఆ మెట్ట నేల, నా తర్వాత కూడా చెలకగానే ఉండాలి, ప్లాట్లు కాకూడదు — అంతే నా కోరిక. ఆయన చిన్నగా నవ్వాడు. "ఎవరికన్న రాసిచ్చి, అమ్మొద్దని షరతు పెడితే చెల్లది మేడం. ట్రస్టు పెట్టుండ్రి. మీ తర్వాత చూస్కునేటోళ్లు ఇద్దరు కావాలె."

ఇద్దరు... మా ఆయన పోయాక నా గడప తొక్కేదే పాలవాడొక్కడు.

ఆగస్టు 5
ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో పేర్లు పిలిచాను. ఇప్పుడు రెండు పేర్లు తోచడం లేదు.

ఆగస్టు 12
తమ్ముడి ఫోన్. "అక్కా, మా పిలగాడు శ్రీకాంత్ లేఅవుట్ల నీ మూడెకరాలు గూడ కలుపుతాండు. గేటు గా దిక్కే వస్తది." అడగడం కాదు, చెప్పడం. తప్పు వాడిది కూడా కాదు. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి, ఆమెకు పిల్లలు లేకపోతే పుట్టింటికే తిరిగి రావాలి. ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. నేను పోయేదాకా ఆగితే చాలు. ఇప్పట్లో పోయేలా లేను, అదే వాళ్ల తిప్పలు.

ఆగస్టు 17
చెలకకు వెళ్లాను. మూడు వైపులా హద్దురాళ్లు, సిమెంటు రోడ్లు, ఇంకా ఎవరూ దిగని ఇళ్లు. నా దాంట్లో తంగేడు, సీతాఫలం చెట్లు, కౌజుపిట్టలు. రాత్రి కురిసిన వాన ఇక్కడే ఇంకింది. అమ్మకు ఇది అవ్వ ఇచ్చింది. నాకు అమ్మ ఇచ్చింది. ఇచ్చే చేయి ఇక్కడే ఆగిపోయింది. చాలాసేపు కూర్చున్నాను, పలకరించేవాళ్లు లేరు.

ఆగస్టు 24
అత్వెల్లిలో తమ్ముడి ఇంటికి వెళ్లి ట్రస్టు సంగతి, దానికి ఇద్దరి పేర్లు కావాలన్న సంగతి చెప్పేశాను. తింటున్నాడు. అరుస్తాడనుకున్నాను. "నీ ఇష్టం" అని చేయి కడుక్కున్నాడు. పళ్లెంలో అన్నం సగం అలాగే ఉంది.

శ్రీకాంత్ మాత్రం — "చెట్లకు రాసిస్తవా అత్తా? రేపు చెట్లు పెడ్తయా నీకు తలకొరివి?"

వాడిని ఎత్తుకు తిప్పిన చేతులివి. సంచీ తీసుకుని లేచాను. ఎప్పుడూ బస్సు దాకా వచ్చే మరదలు బాలమణి వంటింట్లోంచి కదల్లేదు.

సెప్టెంబరు 6
ఫోన్ మోగలేదు. తమ్ముడు చేస్తాడేమోనని స్నానానికి వెళ్లినా పక్కనే పెట్టుకుంటున్నాను. సిగ్గులేదు నాకు.

సెప్టెంబరు 13
బడిలో నాతో పనిచేసిన శారద టీచర్ ట్రస్టులో ఉండడానికి ఒప్పుకుంది. నాకన్నా రెండేళ్లు పెద్ద. వకీలు తల గోక్కుని, "రెండో ఆమె జర చిన్నామె అయితే మంచిగుంటది మేడం" అన్నాడు.

సెప్టెంబరు 21
ఎంగిలిపూలు, బతుకమ్మ మొదటి రోజు. తెల్లారేసరికి చెలకలో ఉన్నాను. ఊరి ఆడవాళ్లు తంగేడు పూలకు వచ్చారు, చుట్టుపక్కల ఇంకెక్కడా మిగల్లేదు మరి. వాళ్లలో బాలమణి. నా వైపు చూడకుండానే ఒడి నింపుకుంది. అందరూ రోడ్డెక్కాక వెనక్కి వచ్చింది.

"నీతోని మాట్లాడొద్దన్నడు వదినె, మీ తమ్ముడు."
"మాట్లాడుతున్నావు కదా."
"ఆయన ఇనడు గదా ఈడ." కాసేపు పూలు సర్దుకుంది. "గా రెండు పేర్లు దొరికినయా?"
"ఒకటే."
"నాది రాయి. సదువు రాదు గని సంతకం పెడ్త. ఇంత ఉన్న ఇంట్ల నా పేరు మీద గజం జాగ లేదు. ఇది అమ్మనియ్య."

ఆమె చేయి పట్టుకున్నాను. తంగేడు పసుపంతా నా చేతికంటింది.

సెప్టెంబరు 22
బాలమణికి యాభై రెండేళ్లు. గట్టి మనిషి. అన్న మాట మీద నిలబడుతుంది — అదే భయం. ఆ పేరు కాగితమెక్కితే మేడ్చల్ నుంచి అత్వెల్లికి కబురు చేరడానికి పూట పట్టదు. తమ్ముడు నాతో మాట మానేశాడు, నేను తూంకుంటలో నా తలుపు నేను వేసుకుని బతుకుతున్నాను. ఆమె వేసుకోవడానికి తలుపేది?

తోడు లేదని ఇన్నాళ్లూ ఏడ్చాను. ఈరోజు తోడు దొరికి ఏడుస్తున్నాను.

సెప్టెంబరు 23
వకీలు ఫోన్ చేశాడు. "రెండో పేరు చెప్పుండ్రి మేడం, రాస్కుంట."

బాలమణి అన్నాను. ఇంటి పేరు అడిగాడు. మా పుట్టింటి పేరే. చెబితే ఎవరింటి కోడలో తెలిసిపోతుంది... మళ్లీ చేస్తానని పెట్టేశాను.