నేర్చుకునేది నేనండి

ఉండి,
జూలై 2003

కంప్యూటర్ సెంటర్ నడిపే నరసింహవర్మగారికి,

మా ఇంటికొచ్చి ఎక్సెల్ నేర్పడానికి మీరు పంపిన శ్రీహర్ష తెలివైనవాడే. కానీ నేర్చుకునేది నేను. అతను పాఠమంతా పక్కన కూర్చున్న మా వారికి చెబుతున్నాడు. నేనేదైనా అడిగితే ఆయనవైపు తిరిగి, "అమ్మగారి అనుమానం మంచిదేనండి రాజుగారూ" అంటాడు. మా వారు కునికిపాట్లు పడుతూ, "ఊఁ, కానియ్" అంటారు.

పోయిన పంటలో రొయ్యలన్నీ తెగులొచ్చి చచ్చాయి. అంతకు ముందే అవి మేత తినడం తగ్గించాయని మాకు ఆలస్యంగా తెలిసింది. ఈసారి మేత లెక్కలు కంప్యూటర్లో పెట్టి, ఏ చెరువులో తగ్గుతోందో వెంటనే కనిపెట్టాలని నా పట్టుదల. ఈ పంట కూడా పోతే చెరువులు అమ్ముకోవాల్సిందే.

నిన్న గ్రాఫ్ గీయడం చూపించమన్నాను. మా వారికి చూపించాడు. మౌస్ నాకిమ్మంటే, "రాజుగారు చూశారు కదండీ, తర్వాత మీకు చెబుతారండి" అన్నాడు. ఆయన అప్పటికే గురక పెడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సోమవారం నుంచి పాఠం వేళకు మా వారిని చెరువు గట్టుకు పంపిస్తాను. అప్పుడు మా మామగారిని పిలవమంటాడేమో. ఆయనకు వినపడదని, చెప్పాల్సింది నాకేనని చెప్పి మరీ పంపండి.

ఇట్లు,
శ్రీహర్ష శిష్యురాలు