హిమజ పెళ్లిలో పీకిన వైరు

ఉప్పల్,
నవంబర్ 3

పరంధామయ్య బావకు,

పద్దెనిమిదేళ్లుగా మింగలేక, కక్కలేక ఉన్న మాట ఇది. నాలుగు వందల మంది చూస్తుండగా నువ్వు నా ఆంప్లిఫయర్ వైరు పీకావు.

నీ బిడ్డ హిమజ పెళ్లి అది. మైకుసెట్టు నాది. మేనమామను కూడా నేనే. కాసేపైతే పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకురావలసినవాణ్ణి. పంతులు మంత్రం మొదలుపెట్టాడో లేదో, నువ్వు పీటల మీది నుంచి లేచి ఉరికి వచ్చావు. "బంద్ జెయ్యి నర్సింహా! చెవులల్ల సూదులు గుచ్చినట్టైతుంది" అని వైరు పీకి నా చేతిలో పెట్టావు. మగపెళ్లివాళ్లు పగలబడి నవ్వారు. "గీయన మైకు ఇంటే పెండ్లికొడుకు పారిపోతడు" అన్నాడొకడు. నేను హారన్లు దింపి, ట్రాలీలో వేసుకుని వచ్చేశాను. అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి నాచారం వైపు తిరిగి చూడలేదు.

నలభై ఏళ్లు స్పీకర్లకు కోన్లు అతికి, కాయిళ్లు చుట్టి బతికినవాణ్ణి. నా చెవికి వంక పెట్టింది నువ్వొక్కడివే. కంపెనీలో స్పీకర్లు పరీక్షించే ఉద్యోగం చేశావు కాబట్టి లోకంలో చెవులు నీకే ఉన్నాయనుకున్నావు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా పూర్ణిమ పనిచేసే షాపువాళ్లు పదిహేనో తారీఖున ఒక హోటల్లో పెద్ద పెద్ద స్పీకర్ల ప్రదర్శన పెడుతున్నారు. రెండు పాసులు తెచ్చింది. "ఒకటి నీకు, ఒకటి మామకు నాయినా" అంది. నీకు ఇవ్వను. ఆ రోజు చేసింది తప్పని ముందు రాయి. ఫోను చెయ్యకు, ఎత్తను. కాగితం మీద రాయి.

నీ బామ్మర్ది,
బాలనర్సింహ

* * *

నాచారం,
నవంబర్ 8

ప్రియమైన నర్సింహకు,

నీ కవరు చేతికొస్తే చాలాసేపు చింపలేదు. మీ అక్క కృష్ణమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఎవరు రాశారని అడగలేదు గానీ, నీ వంకర అక్షరాలు చూసి చాట ఆపింది.

వైరు పీకాను. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ పీకుతాను. అది తప్పని రాయమంటే నా చెయ్యి రాయదు.

మీ అక్క బాధ వైరు గురించి కాదు. మేనమామ బతికి ఉండగా ఆమె బిడ్డ గంపను పక్కింటి గిరిప్రసాద్ ఎత్తాడు. పిల్ల గంపలో కూర్చుని గేటు వైపే చూస్తూ ఉంది. ఆ రాత్రే మీ అక్క అనేసింది, "ఇగ వాడే వచ్చి నా వాకిట్ల నిలవడి అక్కా అనాలె. అప్పటిదాంక నేను పిలువ" అని. మాట మీద నిలబడటంలో మీరిద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్లే.

పాసు నాకు వద్దు. నేను పక్కనుంటే నువ్వు చెవితో వినవు, కోపంతో వింటావు. నువ్వే వెళ్లు. అక్కడ తాళాలు, గజ్జెలు ఉన్న పాట ఏదైనా వెయ్యమని అడుగు. ఏం విన్నావో ఉన్నదున్నట్టు రాయి. నీకు పొగరుంది గానీ అబద్ధం రాదు.

నీ మంచి కోరే
పరంధామయ్య

* * *

ఉప్పల్,
నవంబర్ 17

బావకు,

వెళ్లాను. హోటల్ గదుల్లో మంచాలు తీసేసి, గోడలకు బొంతల్లాంటివి కట్టి, గదికో జత స్పీకర్లు పెట్టారు. జనం చెప్పులు విప్పలేదన్న మాటే గానీ, గుడిలో లాగే కళ్లు మూసుకుని కూర్చున్నారు.

మొదటి గదిలో మనిషెత్తు నల్ల డబ్బాలు. సమాధి రాళ్లా అనుకున్నాను. మృదంగం వేశారు బావా. మన సెట్టులో దరువు పడితే గోడ అదిరేది. ఇక్కడ ఏదీ అదరలేదు. దెబ్బ వచ్చి నా ముందు కూర్చుంది. ఎడమ అరచెయ్యి తోలు మీద ఎంతసేపు ఆగి లేచిందో కూడా తెలిసింది. అంత శుభ్రమైన దెబ్బ నా జన్మలో నేను పలికించలేదు. లేచి నిలబడి దండం పెట్టాను, సిగ్గేమీ లేదు.

రెండో గదిలో హెడ్‌ఫోన్లు. ఒక జత నెత్తిన పెట్టుకుంటే పెట్టుకున్నట్టే లేదు. ఎవరో పెద్దాయన ఆలాపన తీశాడు. ఆ గొంతు తల మధ్యలో కాకుండా, జానెడు ముందుకు వచ్చి నిలబడి పాడింది. ఊపిరి కోసం ఆగిన ఖాళీ కూడా దొరికింది. ఇంకో జత, అందరూ ఎగబడుతున్నది, నా చెవులకు కంబళి కప్పినట్టుంది. "గిది దండుగ" అని అమ్మేవాడి ముఖం మీదే చెప్పాను. నా వెనకాల నిలబడ్డవాళ్లు నన్ను వింతగా చూశారు.

మూడో గదిలో నువ్వు చెప్పిన పాట అడిగాను. ఆ గది చూసుకునేది ఉమామహేశ్వర్ అని గడ్డం నెరిసిన ఇంజనీరు. తాళాలున్న భజన వేశాడు. గొంతు వచ్చింది, మృదంగం వచ్చింది. తాళాలు రాలేదు.

"నీ ట్వీటర్ సచ్చింది సారూ" అన్నాను. సన్న శబ్దాలు పలికే ఆ చిన్న స్పీకర్ పోవడం నేను వెయ్యిసార్లు చూశాను.

"లేదు పెద్దాయనా, మంచిగనే ఉంది."

"నలభై ఏండ్ల సంది నాకు గిదే పని. నాకు జెప్తవా? దాని వైరు పీకి సూపెట్టు. తేడా ఉంటే నా పేరు మార్చుకుంట."

ఆయన నవ్వి, డబ్బా వెనక్కి వెళ్లి ట్వీటర్ వైరు ఒక్కటీ తీశాడు. పాట అట్లే ఉంది. "సూసిన్రా?" అందామని జనం వైపు తిరిగాను. ఇరవై ముఖాలు మసకబారి ఉన్నాయి. ఆయన వైరు మళ్లీ పెట్టాడు. ముఖాలన్నీ విచ్చుకున్నాయి. నాకు మాత్రం పాట అట్లే ఉంది.

పూర్ణిమ నా మోచెయ్యి పట్టుకుంది. "నాయినా, తాళాలు నీకు ఇనవడ్తలేవా?" అంది. ఆ మాట కూడా పెదవులు చూసే తెలుసుకున్నాను.

ఇంటికి వచ్చి పడుకుని అంతా లెక్క తీశాను. ఆ పెళ్లిలో పంతులు నోట్లో బట్ట కుక్కుకుని చదువుతున్నట్టు వినిపించాడు. అందుకే సన్న శబ్దాలు పెంచే ట్రెబుల్ తిప్పాను. నాకు బాగయ్యేదాకా, చివరిదాకా తిప్పాను. నాకు బాగైందంటే మీ చెవుల్లో సూదులే మరి. బోనాల ఊరేగింపుల్లో, వినాయకుడి నిమజ్జనాల్లో హారన్ పక్కనే నిలబడి నలభై ఏళ్లు గడిపాను. హారన్ నా చెవుల్ని తినేసింది బావా, నాకు తెలియకుండానే తినేసింది. ఫోను ఎత్తననడం పౌరుషం కాదు. ఫోనులో మాట నాకు తెలియదు.

నువ్వు చేసింది సరే. గంప వదిలి పోవడం నా తప్పు. అక్కకు చెప్తావో చెప్పవో నీ ఇష్టం.

నర్సింహ

* * *

నాచారం,
నవంబర్ 24

ప్రియమైన నర్సింహకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు దాచకుండా రాశావు కాబట్టి నేనూ దాచను.

నాకు ముందే తెలుసు. పెళ్లికి ఏడాది ముందు నుంచి తెలుసు. డ్యూటీ దిగి నీ షాపులో కూర్చునేవాణ్ణి కదా, నువ్వు బాగుచేసిన సెట్లన్నీ కీచుమంటుండేవి. నువ్వు చాయ్‌కి పోయినప్పుడు నేను ట్రెబుల్ సగానికి తగ్గించి, నాబ్ ఊడదీసి, పూర్తిగా తిప్పినట్టు కనిపించేలా మళ్లీ బిగించేవాణ్ణి. నీకు తెలియలేదు. పెళ్లి పనుల్లో పడి ఆ రోజు సెట్టును మరిచాను. పీటల మీద కూర్చున్నాక ఒక్కసారి కీచుమంది. మంచిగా చెప్పి తగ్గించే సమయం లేదనుకుని పీకాను.

నీకు చెవి పోతోందని ఎందుకు చెప్పలేదంటావా? వినిపించని మైకుసెట్టువాణ్ణి ఎవడు పిలుస్తాడు? నీ బతుకు పోతుందనుకున్నాను. అది దయ అనుకున్నాను. ఆ తర్వాత సరిచేసేవాడు లేక నీకు పిలుపులు తగ్గాయని విన్నాను. అప్పుడైనా నీ షాపుకు రావలసింది. రాలేదు.

మీ అక్కకూ చెప్పలేదు. "నా తమ్మునికి పొగరెక్కింది" అని ఆమె ఏడ్చిన ప్రతిసారీ ఊకొట్టాను. చెప్పి ఉంటే ఆమె ఆ సాయంత్రమే ఉప్పల్ బస్సు ఎక్కేది.

మొన్న నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. నా సంగతీ చెప్పాను. పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. "పద్దెనిమిదేండ్లు నా తమ్ముణ్ణి నాతోటే తిట్టిపిస్తివి. చెవులు లేంది వానికా, నీకా?" అంది. అప్పటి నుంచి నాతో మాట లేదు. కంచం ముందు పెట్టి, చెంబు టక్కున చప్పుడయ్యేలా పెట్టి పోతుంది. నీ మీద ఆమె మనసు మారిందో లేదో నాకు తెలియదు. అడిగే మొఖం నాకు లేదు.

మన్నించమని అడుగుతున్న
పరంధామయ్య

* * *

ఉప్పల్,
డిసెంబర్ 1

ప్రియమైన బావకు,

నీ మీద కోపం వచ్చింది. నా షాపును కాపాడబోయి నా అక్కను నాకు లేకుండా చేశావు. మనిషిని పక్కకు పిలిచి "నర్సింహా, నీకు ఇనవడ్తలేదురా" అంటే నేను నిన్ను కొట్టేవాణ్ణి, నిజమే. కొట్టినా తెల్లారి వచ్చేవాణ్ణి. కానీ వైరు పీకింది నువ్వైనా, గంప వదిలింది నా కాళ్లే. పిల్ల గేటు వైపు చూసిందని రాశావు చూడు, అది చదివిన కాడి నుంచి నిద్ర లేదు. దానికి నిన్ను అనడానికి ఏమీ లేదు.

పూర్ణిమ నన్ను ఉప్పల్‌లోనే చెవుల దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి గీతల కాగితం చూపించింది. గీత సగం దూరం బాగానే పోయి, బావిలో పడ్డట్టు దిగిపోయింది. మిషన్లు పెడతారట, రెండు చెవులకూ. సోమవారం, ఎనిమిదో తారీఖున పదకొండింటికి రమ్మన్నారు. పోయింది మొత్తం రాదని, మాట మటుకు తెలుస్తుందని చెప్పింది.

"మీకు బాగ ఎరుకున్న గొంతు ఎవ్వరిదన్న ఉంటె తోలుకరండ్రి. ఆ గొంతు మీకు సక్కగ వచ్చేదాంక మిషన్ తిప్పుకుంట పోత" అంది డాక్టరమ్మ.

"నేనున్న గదా నాయినా" అంది పూర్ణిమ.

ఏమని చెప్పేది బావా? ఆ పెళ్లినాటికి దానికి పదేళ్లు. అది పెరిగిన గొంతు అంతా నాకు సగమే వచ్చింది. నా బిడ్డ అసలు గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఎట్లా ఉంటే సరైనట్టో నేనేం చెప్పగలను? ఈ మాట దానితో అనలేక బయటికి వచ్చి బస్టాపు దగ్గర కూర్చున్నాను.

నాకు పూర్తిగా తెలిసిన గొంతు ఒక్కటే ఉంది. అమ్మ పొలానికి పోతే నన్ను చంకనేసుకుని తిప్పిన గొంతు. దాంట్లో ఏ అక్షరం ఎట్లా పలుకుతుందో నాకు తెలుసు.

నేనే వచ్చి వాకిట్లో నిలబడాలని అక్క ఒట్టు. వస్తాను, ఆ ఒట్టు తీసేయమని అడగడం లేదు. కానీ వచ్చాక ఆమె ఏమందో తెలియక, ఎదురుగా తల ఊపి నవ్వి వెనక్కి పోలేను. తిట్టినా నాకు తెలియాలి. అందుకే ఒక్కసారి ఆమెనే ముందు దవాఖానాకు రమ్మను. మన్నించనక్కర్లేదు. కుర్చీలో కూర్చుని తిట్టినా సరే, మిషన్ సరిచెయ్యడానికి అదీ పనికొస్తుంది. అట్నుంచి అటే ఆమె వెంట నాచారం వచ్చి, మీ వాకిట్లో నిలబడి పిలుస్తాను. హిమజను కూడా రమ్మను.

నువ్వు అడగలేనంటే ఈ కాగితం ఆమె చేతికియ్యి. నీ మీద కోపంతో చదవనంటే గోడకు చెప్తున్నట్టు గట్టిగా చదువు, వింటుంది.

ఆలోచిస్తాం, చూస్తాం అని రాయకు. మన ఇద్దరికీ కలిపి అంత సమయం లేదు. అక్క వస్తుందా, రాదా? ఆరో తారీఖు శనివారం పొద్దుగూకే లోపల నాకు జవాబు అందాలి.

నీ బామ్మర్ది, కృష్ణమ్మ తమ్ముడు,
బాలనర్సింహ